సన్నసెగ వంట – తీరిక లేని సంసారం

ఉదయం ఎనిమిది గంటలకల్లా ఇంటికి తాళం పడి, సాయంత్రం ఆరు దాటిన తరువాతగాని ఆ తాళం తెరుచుకోని సంసారాలు నేడు మన పట్టణాలలో లెక్కకు మిక్కిలిగా ఉన్నవి. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగులు, పిల్లలు బడిలో ఉంటారు, ఇంట పెద్దవారుంటే వారికి పొయ్యి దగ్గర నిలబడే ఓపిక ఉండదు. ఇటువంటి ఇండ్లలో సరకులకు లోటు లేదు, వంట తెలియకపోవడమూ లేదు. లేనిదల్లా పొయ్యిని కనిపెట్టుకొని కూర్చునే మనిషి.

ఈ కనిపెట్టుకొని ఉండడమనేది ఎవరి వంతు వస్తున్నదో వేరుగా చెప్పనక్కరలేదు. 2019లో భారత ప్రభుత్వ గణాంక విభాగంవారు జరిపిన కాలవినియోగ సర్వేలో, ఇంటి పనులు చేసే స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు ఆ పనులకే వెచ్చిస్తున్నట్లు తేలినది. పనిలో చేయి వేసే పురుషుల సగటు 97 నిమిషాలు. వంట, వడ్డన, గిన్నెలు తోమడం, ఇల్లు ఊడ్వడం అన్నీ ఇందులో చేరినవే. రోజుకు ఐదు గంటలు! కచేరీలో ఎనిమిది గంటలు పనిచేసి వచ్చిన ఇల్లాలికి ఈ ఐదు గంటలు ఎక్కడి నుండి వస్తవి? ఆమె నిద్రలోనుండి, విశ్రాంతిలోనుండి వస్తున్నవి.

దీనికి ఒక ఉపాయం మంటను త్వరపెట్టడం. ప్రెషర్ కుక్కరు చేసేది ఆ పనే. ఆవిరిని బంధించడంవల్ల లోపలి వేడి 100 డిగ్రీల సెంటిగ్రేడు దాటి 120 డిగ్రీల దాకా పోతుంది. గంట పట్టే పప్పు పావుగంటలో మెదుగుతుంది. కాని ఆ పావుగంటా మనిషి దగ్గర ఉండి తీరవలె, ఈలలు లెక్కించవలె. (ఆ ఈల సరిగా వార్తలు చదివే వేళకే వినిపిస్తుందని మాకు ఉత్తరాలు వ్రాసే శ్రోతలు లేకపోలేదు.) రెండవ ఉపాయం దీనికి పూర్తిగా విరుద్ధమైనది. మంటకు ఎంత కాలం కావలెనో అంతా ఇచ్చి, మనిషిని మాత్రం అక్కడి నుండి తప్పించడం. వంటకు పట్టే కాలం వేరు, వండే మనిషికి పట్టే కాలం వేరు. ఈ రెండింటినీ విడదీయగలిగితే ఎనిమిది గంటలు ఉడికే కూరకు కూడా మనిషి ఇరవై నిమిషాలకు మించి వెచ్చించనక్కరలేదు. స్లో కుక్కరు అని నేడు పిలువబడే విద్యుత్ పాత్ర ఈ రెండవ మార్గానికి చెందినది.

పేరు కొత్తదే గాని పద్ధతి మనకు కొత్తది కాదు. పల్లెటూరి ఇండ్లలో దాలి ఎరిగినవారు ఇంకను కొందరున్నారు. పెరటిలోనో వంటయింటి మూలనో ఒక గుంట, అందులో పిడకల నిప్పు, ఆ నిప్పుపై పాలకుండ. పొద్దున పెట్టిన పాలు సాయంత్రందాకా పొంగకుండా, మాడకుండా, నివురు గప్పిన నిప్పు మీద కాగి కాగి లేత ఎరుపు రంగు తిరిగేవి. అరచేతి మందాన మీగడ కట్టేది. ఇల్లాలు ఈ లోపల పొలానికి పోయి వచ్చేది. దాలి పొయ్యికి కావలి లేదు. దాని గుణమే అది. ఎద్దులకు ఉలవలు ఉడికే కాగు సంగతీ అంతే. రాత్రి పడుకొనేముందు ఊకపొయ్యి మీద పెడితే తెల్లవారేసరికి గుగ్గిళ్ళు ఎద్దులకు, కట్టు మనుషులకు సిద్ధమయ్యేవి.

దేశాంతరాలలోనూ ఇదే అవసరం ఇటువంటి పద్ధతినే కల్పించినది. యూదుల మతాచారం ప్రకారం శుక్రవారం పొద్దు గూకినది మొదలు శనివారం చీకటి పడేవరకు నిప్పు రాజేయకూడదు, వంట చేయకూడదు. కాని శనివారం మధ్యాహ్నం వేడి భోజనం కావలె. అందుకని తూర్పు యూరపులోని యూదు స్త్రీలు చిక్కుడు గింజలు, బార్లీ, దుంపలు, మాంసం ఒక కుండలో కూర్చి, శుక్రవారం సాయంత్రం ఊరి రొట్టెలబట్టీకి పంపేవారు. రొట్టెలు కాల్చగా మిగిలిన వేడిలో ఆ కుండ రాత్రంతా ఉడికేది. ఆ వంటకాన్ని చోలెంట్ అంటారు. లిథువేనియా దేశంలోని విల్నా నగరంలో తన వారు ఇట్లా వండేవారని తల్లి చెప్పగా విన్న ఇర్వింగ్ నాక్సన్ అనే అమెరికా ఇంజనీరు, బట్టీ లేకుండా ఆ సెగను విద్యుత్తుతో కల్పించే పాత్ర నొకదానిని చేసినాడు. 1940లో ఆయనకు దానిపై పేటెంటు లభించినది. చాలకాలం దానిని ఎవరూ అంతగా పట్టించుకోలేదు. 1970లో కాన్సాస్ నగరపు రైవల్ కంపెనీవారు నాక్సన్ సంస్థను కొని, మరుసటి సంవత్సరం క్రాక్‌పాట్ అనే పేరుతో ఆ పాత్రను బజారులోకి తెచ్చినారు. అమెరికాలో గృహిణులు పెద్ద సంఖ్యలో ఉద్యోగాలకు పోతున్న కాలమది. మరి రెండు మూడేండ్లకు ఇంధనపు కరువు కూడా వచ్చినది. పాత్ర లక్షలలో అమ్ముడుపోయినది. మతాచారంకోసం పుట్టిన వంట కార్యాలయపు వేళలకు పనికివచ్చినదన్నమాట.

మన దేశంలో ఈ దిశగా ఆలోచించినవారిలో కలకత్తా వైద్యుడు ఇందుమాధవ మల్లిక్‌ను మరువరాదు. 1910లో ఆయన రూపొందించిన ఇక్మిక్ కుక్కరులో అడుగున బొగ్గుల కుంపటి, పైన నీరుపోసిన డబ్బా, అందులో అంతస్తులుగా గిన్నెలు ఉండేవి. ఒక గిన్నెలో బియ్యం, ఒకదానిలో పప్పు, వేరొకదానిలో కూర ఉంచి, బొగ్గు రాజేసి తమ పనిమీద పోవచ్చును. బొగ్గు అయిపోగానే వంటా ముగుస్తుంది, మాడేది లేదు. ఒంటరిగా ఉండే ఉద్యోగులకు, విద్యార్థులకు, ప్రయాణికులకు అది చాలకాలం అన్నం పెట్టినది.

ఇక నేటి పాత్ర సంగతి. లోపల మందమైన పింగాణీ కుండ, దాని చుట్టూ వేడి తీగ, పైన గాజు మూత. తక్కువ సెగ, ఎక్కువ సెగ అని రెండు మెట్లుంటవి. తక్కువ సెగ మీద కూర చల్లగా ఉంటుందనుకొనేవారు కలరు. అది సరి కాదు. సాధారణంగా రెండు మెట్లలోనూ చివరకు కూర చేరుకొనే వేడి దాదాపు ఒకటే, నీరు మరిగే స్థాయికి కొంచెం ఇవతల. భేదమల్లా అక్కడికి చేరడానికి పట్టే కాలంలోనే. ఎక్కువ సెగ మీద మూడు నాలుగు గంటలలో అయ్యే వంట తక్కువ సెగ మీద ఏడెనిమిది గంటలు తీసుకొంటుంది. కచేరీకి పోయేవారికి కావలసినది ఈ రెండవదే.

ఈ పాత్రలో వండేవారు మొట్టమొదట విడువవలసిన అలవాటు మూత తీసి చూడడం. ఒకసారి తీస్తే పోయిన వేడి తిరిగి రావడానికి 20 నిమిషాలు పట్టవచ్చును. మన చేతులకు గరిటె తిప్పనిదే తోచదు గాని, ఇక్కడ గరిటెకు పని లేదు. రెండవది నీరు. పొయ్యి మీద కూరలో సగం నీరు ఆవిరైపోతుంది. ఇందులో మూతకు తగిలిన ఆవిరి మళ్ళీ నీరై కుండలోనే పడుతుంది. కాబట్టి అలవాటైన కొలతలో మూడవ వంతైనా నీరు తగ్గించవలె. లేకుంటే కూర చారవుతుంది, చారు నీళ్ళవుతుంది. మూడవది పోపు. వేడి 100 డిగ్రీలు దాటదు గనుక ఇందులో ఏదీ వేగదు. పచ్చి ఉల్లిపాయ వేస్తే ఎనిమిది గంటల తరువాత కూడా దానిలో పచ్చివాసన పోదు. ఉల్లిపాయ, అల్లం వెల్లుల్లి ముద్ద, కారం, ధనియాలపొడి ముందుగా మూకుడులో నూనెతో వేయించి వేయవలె. ఇంగువ, ఆవాలు, కరివేపాకు తిరగమోత వడ్డించేముందు పెట్టవలె. లవంగం, దాల్చినచెక్క మాత్రం సగమే చాలును. దీర్ఘకాలం నానడంవల్ల వాటి ఘాటు మితిమీరుతుంది.

మా అభిప్రాయంలో తెలుగువారి వంటలలో ఈ పాత్రకోసమే పుట్టినదా అనిపించేది ఉలవచారు. కృష్ణా, గుంటూరు మండలాల పల్లెలలో ఎద్దులకు వండిన ఉలవల కట్టు నుండి పుట్టిన ఈ చారు నేడు పెండ్లి విందులకు ఎక్కినది. పట్టణపు ఇండ్లలో దీనిని చేసుకొనేవారు తక్కువ. గ్యాసు మీద మూడు గంటలు మరిగించే ధైర్యం ఎవరికి ఉంటుంది? స్లో కుక్కరుకైతే ఇది సులువు. పావుకిలో ఉలవలు రాళ్ళు ఏరి, కడిగి, రాత్రి నానబెట్టండి. ఉదయం ఆ నీరు పారబోసి, లీటరున్నర కొత్త నీటితో పొయ్యి మీద పది నిమిషాలు తెర్లనిచ్చి, ఆ వేడినీటితోసహా కుండలోకి వంచి, తక్కువ సెగ పెట్టి పోవచ్చును. సాయంత్రానికి ఉలవలు మెత్తబడి, కట్టు ముదురు గోధుమ రంగున ఉంటుంది. దానిని వడకట్టి, ఉడికిన ఉలవలు ఒక గుప్పెడు మెత్తగా నూరి కలపండి. ఇప్పుడు చింతపండు పులుసు, ఉప్పు, కారం, చిన్న బెల్లంముక్క చేర్చి, వెడల్పాటి గిన్నెలో మూత లేకుండా ఇరవై నిమిషాలు పొయ్యి మీద మరిగించవలె. చారు చిక్కబడడం ఈ చివరి ఘట్టంలోనే. మూసి ఉన్న కుండలో అది ఎన్నటికీ జరగదు. ఎండుమిరపకాయ, వెల్లుల్లితో తిరగమోత పెట్టి, వేడి అన్నంలో, పైన మీగడతో తినవలెనని వేరే చెప్పవలెనా? మిగిలిన ఉలవలకు ఎద్దులు లేకపోయినా పిల్లలున్నారు. కొబ్బరి కోరు వేసి గుగ్గిళ్ళు చేయవచ్చును.

చింతపండు చివర వేయమన్నది రుచికొరకు మాత్రమే కాదు. పులుపు తగిలిన పప్పుగింజ మెత్తబడదు. గింజ కణాలను అంటిపెట్టి ఉంచే పదార్థం పులుపులో గట్టిపడి నిలుస్తుంది. పప్పుచారైనా, ముక్కల పులుసైనా, టమాటా పప్పైనా, పప్పు మెదిగిన తరువాతనే పులుపు. బోరునీరు వాడే ఊళ్ళలో పప్పు ఉడకదని గృహిణులు చెప్పడం మనం వింటూనే ఉంటాం. ఆ నీటిలోని సున్నపు అంశం చేసే పనీ ఇటువంటిదే. అటువంటి చోట వంటకు మంచినీరు వాడడం మేలు. చిటికెడు వంటసోడా కూడా సహాయపడుతుంది.

మాంసాహారుల ఇండ్లలో దీని ప్రయోజనం ఇంకా ఎక్కువ. మేక భుజం, మెడ, కాళ్ళు వంటి భాగాలలో కండరాలను బంధించి ఉంచే కొల్లాజెన్ అనే పదార్థం అధికంగా ఉంటుంది. అది త్వరపెడితే లొంగదు. తడి వేడిలో గంటల తరబడి ఉన్నపుడు జెలటిన్ అనే జిగురుగా కరిగి, ముక్కను మెత్తబరచి, పులుసుకు చిక్కదనం ఇస్తుంది. హైదరాబాదులో తెల్లవారుజామున అమ్మే నహారీ, పాయా రాత్రంతా సన్నసెగ మీద ఉడికేది ఇందుకే. గోధుమలు, మాంసం, పప్పులు బట్టీ మీద గంటల తరబడి ఉడికించి, కట్టెలతో మెదిపే హైదరాబాదు హలీంకు 2010లో భౌగోళిక గుర్తింపు లభించిన సంగతి శ్రోతలు ఎరిగినదే. ఇంట ఆ మెదపడం అంతటి స్థాయిలో సాధ్యం కాదు గాని, పాయా మాత్రం చక్కగా కుదురుతుంది. గోంగూర మాంసం వండేవారు గోంగూరను వేరుగా మగ్గించి చివర అరగంటలో కలుపుకోవలె. నాటుకోడి ఈ సెగకు తగినది. బజారు కోడికి ఎనిమిది గంటలు చాలా ఎక్కువ; పీచుపీచుగా విడిపోతుంది. చేపల పులుసును ఈ పాత్రలో పెట్టకండి. మరునాటికి రుచి హెచ్చేది పులుసు ఊరడంవల్లనే గాని ఉడకడంవల్ల కాదు. అన్నం కూడా వద్దు, జావ అవుతుంది.

ఇక శ్రద్ధగా వినవలసిన విషయం. రాజ్మా నేడు మన ఇండ్లలోనూ వాడుకలోకి వచ్చినది; స్లో కుక్కరు వంటల పుస్తకాలలో దానికి పెద్దపీట. పచ్చి రాజ్మా గింజలలో ఒక విషపదార్థం ఉన్నది. నాలుగైదు పచ్చి గింజలు తిన్నా మూడు గంటల లోపల తీవ్రమైన వాంతులు, తరువాత విరేచనాలు పట్టుకోవచ్చును. బాగా తెర్లే నీటిలో అది నశిస్తుంది. కాని 80 డిగ్రీల వద్ద అది నశించకపోగా, విషం ఐదురెట్లవరకు హెచ్చవచ్చునని అమెరికా ఆహార, ఔషధ శాఖవారు హెచ్చరించినారు. అనగా స్లో కుక్కరులో నేరుగా వేసిన రాజ్మా, మెత్తగా కనిపిస్తూనే, పచ్చి గింజకంటె ప్రమాదకరం కాగలదు. గింజలు కనీసం ఐదు గంటలు నానబెట్టి, ఆ నీరు పారబోసి, కొత్త నీటిలో పొయ్యి మీద అరగంటసేపు తెర్లించవలె; లేదా ప్రెషర్ కుక్కరులో పెట్టవలె. తరువాతనే మసాలాతో సన్నసెగకు పంపవలె. ఇందులో ఉపేక్ష పనికిరాదు.

సూక్ష్మజీవుల విషయమూ ఇటువంటిదే. 5 డిగ్రీలకు, 60 డిగ్రీలకు నడుమనున్న వేడిలో అవి త్వరత్వరగా పెరుగుతవి. కూర ఆ మధ్యస్థానాన్ని వీలైనంత త్వరగా దాటవలె. అందువల్ల మంచుగడ్డగా ఉన్న మాంసం కుండలో వేయరాదు. చన్నీటికి బదులు మరిగిన నీరు పోయవలె. వీలైతే మొదటి గంట ఎక్కువ సెగ మీద ఉంచవలె. మధ్యాహ్నం దానంతట అది మొదలయ్యేటట్లు గడియారం అమర్చి, పచ్చి మాంసాన్ని ఉదయమే కుండలో ఉంచి పోవడం మన వేసవికి పనికిరాని పద్ధతి. 32 డిగ్రీలు దాటిన వేడిలో పచ్చి మాంసం ఒక గంటకు మించి బయట ఉండరాదు. నిన్నటి కూర వేడిచేయడానికి కూడా ఈ పాత్ర వాడకండి. అది అంత త్వరగా వేడెక్కదు.

ఖర్చు మాట అడిగేవారు తప్పక ఉంటారు. 150 నుండి 200 వాట్లు తీసుకొనే పాత్ర 8 గంటలు నడిస్తే 1.2 నుండి 1.6 యూనిట్ల కరెంటు అవుతుంది. 1000 వాట్ల పొయ్యి మీద ప్రెషర్ కుక్కరు 20 నిమిషాలుంచితే అయ్యేది యూనిట్‌లో మూడవ వంతు. కాబట్టి కందిపప్పు వంటి త్వరగా ఉడికేవాటికి ప్రెషర్ కుక్కరే లాభమని మేము నిస్సంకోచంగా చెప్పగలము. స్లో కుక్కరు మిగిల్చేది కరెంటు కాదు, మనిషి సమయం. ఏది ఎక్కువ ఖరీదో ఆ ఇంటివారే తేల్చుకోవలె. లెక్క తేల్చుకొనేటప్పుడు ఆ సమయం ఎవరిదో కూడా చూడవలె.

అమెరికాలో స్థిరపడిన బిడ్డలు సెలవులకు వస్తూ అక్కడి పాత్రను తల్లికి కానుకగా తెస్తూ ఉంటారు. అక్కడి కరెంటు 120 వోల్టులది, మనది 230. ఆ పాత్రను నేరుగా మన గోడకు తగిలిస్తే తీగ తీసుకొనే శక్తి మూడున్నర రెట్లకు మించిపోయి, పాత్ర కాలిపోతుంది. తగిన ట్రాన్స్‌ఫార్మరు లేకుండా దానిని వాడరాదు.

కరెంటు కోతలున్న ఊళ్ళలో ఇంకొక చిక్కు. ఇంట ఎవరూ లేనపుడు రెండు గంటలు కరెంటు పోయి మళ్ళీ వస్తే, సాయంత్రం మూత తీసినవారికి ఆ సంగతి తెలిసే అవకాశం లేదు. కూర ఉడికినట్లే కనిపిస్తుంది. గోడ గడియారం కరెంటుతో నడిచేదైతే అది కొంత చెబుతుంది. కోత పడినదని తెలిసి, ఎంతసేపో తెలియకపోతే, మాంసపు కూరను పారవేయడమే క్షేమం.

అటువంటి ఇండ్లవారు కరెంటు లేని పద్ధతినే ఆశ్రయించవచ్చును. రెండవ ప్రపంచయుద్ధకాలంలో బ్రిటనులో బొగ్గు, గ్యాసు పొదుపుకోసం గడ్డిపెట్టె వంట విరివిగా ప్రచారంలో ఉండేది. మన ఇంట ఉన్న సామగ్రితోనే దానిని చేసుకోవచ్చును. మూత గట్టిగా పట్టే మందపాటి గిన్నె, దానికి నాలుగు వైపులా జానెడు ఎడం ఉండే చెక్కపెట్టె లేక వెదురుబుట్ట, నింపడానికి ఎండుగడ్డి, పైన కప్పడానికి పాత బొంత కావలె. నానిన పెసలో అలసందలో గిన్నెకు ముప్పాతిక వంతు నిండేలా నీటితో పోసి, పొయ్యి మీద పది పదిహేను నిమిషాలు బాగా తెర్లించి, మూత తీయకుండా వెంటనే గడ్డి నడుమ దించి, బొంత కప్పవలె. గిన్నె సగం ఖాళీగా ఉంటే వేడి నిలవదు. మూడు నాలుగు గంటలలో గింజ మెత్తబడుతుంది. బయటికి తీసిన గిన్నెను తినేముందు మరల ఒకసారి పొయ్యి మీద తెర్లించి, అప్పుడు ఉప్పు, పులుపు, తిరగమోత వేయవలె. మాంసానికి మాత్రం ఈ పెట్టె వాడవద్దు.